పాషా నేర్పిన బండి

ఖాజా పాషాకు ఉన్న జబ్బు ఒక్కటే, మంచితనం. తాగడు, తంబాకు ముట్టడు, అడ్డా మీద పేకాటకు కూర్చోడు. కానీ రోడ్డు మీద ఎవరైనా చెయ్యెత్తితే మాత్రం బండి ఆపకుండా పోలేడు. వరంగల్ స్టేషన్ ముందు టాక్సీ అడ్డాలో ఏళ్ల తరబడి ఆయన బండి పక్కనే నా బండి. అందుకే ఈ కథ చెప్పే హక్కు ఇంకెవరికంటే నాకే ఎక్కువ ఉందనుకుంటాను. నా పేరు చంద్రమౌళి. నాకు మంచితనం జబ్బు లేదు, నోటి దురుసు ఉంది. రెండూ ఒక్క మనిషిలో ఇమడవు కదా.

పాలకుర్తి రోడ్డు పాషాకు కొట్టిన పిండి. గుట్ట మీది గుడికి పోయే భక్తులను ఆ ముసల్మాను డ్రైవరే ఎక్కువగా దింపి వచ్చేవాడు. జఫర్‌గఢ్ దాటాక ఆ దారిలో ఒక ఊరుంది. అక్కడ సోమక్క, మొగిలయ్య అనే ఆలుమగల చేను రోడ్డును ఆనుకునే ఉంటుంది. పెసర కోతలు వచ్చాయంటే అక్కడ రోడ్డే కళ్లం. చెట్లు పీకి తెచ్చి తారు మీద మందంగా పరుస్తారు. బస్సులు, లారీలు తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది, కర్రతో కొట్టే చాకిరీ తప్పుతుంది. పోలీసులు వద్దంటారు, పేపర్లో రాస్తారు, ఎవరూ మానరు. ఎందుకు మానాలి? ఊరి కళ్లం జాగా ఎప్పుడో ప్లాట్లయిపోయింది.

దానికీ ఒక మర్యాద ఉంది. డ్రైవర్ దూరం నుంచే హారన్ కొట్టాలి. కుప్పలో గింజ ఊడ్చేవాళ్లు, ఎండకు చెట్లు మీదికి లాక్కుని పడుకున్నవాళ్లు లేచి పక్కకు జరుగుతారు. అప్పుడు ఒడ్డున నిలబడ్డ ఆడమనిషి తువ్వాల ఊపుతుంది, ఇక రమ్మని. మా పాషా ఒక్కసారి తొక్కి పోయే రకం కూడా కాదు. ముందుకు తొక్కించి, బండిని వెనక్కి తీసి, మళ్లీ తొక్కించి గాని కదలడు. ప్యాసింజర్లు గొణిగితే ఒకటే మాట అనేవాడు.

"జర సబర్ చెయ్యున్రి. మా అక్క గీ ఎండల కర్ర వట్టుకొని కొట్టాల్నా?"

సోమక్క ఆయనకు అక్క, మొగిలయ్య బావ. ఎట్లా అయ్యారని అడిగితే ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేరు. మొగిలయ్యకు కునుకంటే ప్రాణం. పెసర కుప్ప కనిపిస్తే చాలు, అందులో దూరి చెట్లు కప్పుకుంటాడు. పాషా హారన్ వినిపిస్తే కాళ్లు మడుచుకుని లేచి, "వచ్చిండు నా బామ్మర్ది, నిద్రకు శత్రువు" అని తిట్టుకుంటూ ఒడ్డెక్కుతాడు.

అట్లాంటి మనిషి దగ్గరికి పోయినేడు బెంగళూరు కంపెనీ ఒకటి వచ్చింది. డ్రైవర్ లేకుండా తనంతట తాను నడిచే కరెంటు కార్లు చేస్తారట. మన రోడ్లు దానికి తెలియవు కాబట్టి మన డ్రైవర్లే నేర్పాలట. హన్మకొండలో ఆఫీసు తీసుకున్నారు. తెల్ల కారు ఒకటి తెచ్చారు, చుట్టూ కెమెరాలు, పెళ్లికొడుక్కి బాసింగం కట్టినట్టు నెత్తిన ఒక గుండ్రటి డబ్బా. సాయితేజ అనే ఇంజనీరు అడ్డాకు వచ్చి మాతో చాయ్ తాగి విషయం చెప్పాడు. మనవాడే, కొత్తవాడలో పుట్టి పెరిగాడు. మర్యాద తెలిసినవాడు.

"మీరు రోజూ ఎట్ల నడుపుతరో అట్లనే నడపున్రి అంకుల్. అది సూసి నేర్సుకుంటది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడానికి గొడ్డలి కూడా మనమే పట్టుకుపోవాలా అన్నాను. పాషా మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టి తాపీగా జవాబిచ్చాడు.

"నేను నేర్పకుంటే ఇంకొకడు నేర్పుతడు మౌళీ. ఎట్లనన్న వచ్చేదే ఉంటే, జర మంచోని దగ్గర నేర్సుకోనీ."

నేను గ్లాసు ఖాళీ చేసి నా బండి తుడుచుకోవడానికి పోయాను.

వానాకాలం మొదలుకొని ఎండాకాలం దాకా ఆ తెల్ల కారులో తిరిగాడు పాషా. బడి వదిలే వేళ పిల్లల మధ్య, సంతరోజు మేకల మధ్య, పెసర కుప్పల మీద. మేము దాన్ని "పాషా కొడుకు" అని పిలిచేవాళ్లం. ఆయన కోపం తెచ్చుకోకపోగా మురిసిపోయేవాడు. తర్వాత దాన్ని తీసుకుపోయి, ఏం చేయాలో అది చేసి, ఈ ఏడు వానలకు మళ్లీ తెచ్చారు. ఈసారి స్టీరింగ్ ముందు ఎవరూ కూర్చోలేదు. పక్క సీట్లో పాషా, వెనక కంప్యూటర్ పెట్టుకుని సాయితేజ.

ఆ మొదటి రోజు సాయంత్రం అడ్డాకు వచ్చిన పాషాను చూడాలి.

"గేదెల మంద వస్తే ఆగింది మౌళీ. ఎనుకవడ్డ దూడ కోసం సుత ఆగింది. కాజీపేట దర్గా కాడ నేను సలాం చేసేటందుకు జర స్లో చేస్త గదా, అదీ చేసింది. సలాం ఒక్కటే చెయ్యలే!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. కానీ మనిషి లేని స్టీరింగ్ మనిషి అలవాటుతో తిరగడం తలుచుకుంటే నాకు ఎందుకో నచ్చలేదు. అది పాషాకు చెప్పలేదు. పండగ చేసుకుంటున్నవాడి ముందు తుమ్మడం ఎందుకని ఊరుకున్నాను.

పదిరోజులు కాకుండానే ఆయన ముఖం మారిపోయింది. ఒక మధ్యాహ్నం వచ్చి నా బండి తలుపు తీసుకుని కూర్చున్నాడు. చాయ్ తెప్పిస్తే తాగలేదు.

పాలకుర్తి రోడ్డు మీద ఆ ఏటి మొదటి పెసర కుప్ప ఎదురైందట. ఒడ్డున ఎవరో పిల్ల తువ్వాల ఊపిందట. కారు స్లో అయింది, ఎడమ చక్రాలు ముందుగా ఎక్కించింది, తొక్కుకుంటూ పోయింది. పోయి ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ తొక్కింది. అచ్చం పాషా లాగే. మొదట చప్పట్లు కొట్టాడట. కొడుతుండగానే చేతులు ఆగిపోయాయట.

"హారన్ కొట్టలే మౌళీ. అన్ని నేర్సుకున్నది, హారన్ నేర్సుకోలే."

సాయితేజను అడిగితే సంగతి బయటపడింది. మన డ్రైవర్లు ఊరికే హారన్ కొడతారని, సిటీల్లో జనం విసుక్కుంటారని, నేర్పిన దాంట్లోంచి హారన్ మొత్తం పైవాళ్లే తీసేయించారు. డీజిల్ బండి అయితే చప్పుడుకైనా జనం లేస్తారు. ఇది కరెంటుది, పిల్లి వచ్చినట్టు వస్తుంది.

"మనిషి కనిపిస్తే పక్కా ఆగుతది అంకుల్," అన్నాడట సాయితేజ.

"కుప్పల చెట్లు కప్పుకొని పన్నోడు కనిపిస్తడా బేటా?"

సాయితేజ కంప్యూటర్ వైపు చూసి, "కనిపియ్యడు," అన్నాడట.

ఆ పిల్లగాడిని తప్పు పట్టను. అబద్ధం చెప్పలేదు. అప్పటికప్పుడు పైకి రాశాడు. ట్రయల్ అయ్యాక చూద్దాం అని జవాబు వచ్చింది. పెద్ద ట్రయల్ ముందుంది, అధికారులు వస్తున్నారు, అది గట్టెక్కితే జిల్లా జిల్లాకూ బండ్లు దించుతారు. ఈలోగా పాషా తనకు తోచింది తాను చేశాడు. కారు స్టీరింగ్ మళ్లీ తన చేతికి ఇమ్మని బతిమాలి, ప్రతి కుప్ప ముందూ ఆపి, దిగి, చప్పట్లు కొట్టి, చెట్లు లేపి చూసి, అప్పుడు పోయేవాడు. నేర్పినవాణ్ణి నేనే, మాన్పించేవాణ్ణీ నేనే అని ఆయన ఆశ. చివరికి సాయితేజే చేయి పట్టుకుని ఆపాడు.

"చాయ్‌ల కలిపిన చక్కెర మళ్ల తియ్యొస్తదా అంకుల్? మీరొక్కరే కాదు, శానమంది నేర్పిన్రు. అంత కలిసిపోయింది. బండ్లు ఎన్నున్నా బుర్ర ఒక్కటే."

బండ్లు ఎన్నున్నా బుర్ర ఒక్కటే. ఈ మాట పాషా వచ్చి నాకు చెప్పాడు. మనుషుల్లో అయితే ఒకడు చేసిన తప్పు ఒకడితో పోతుంది. ఇది అట్లా కాదని ఆ రోజు నాకూ అర్థమైంది.

"బావ గా కుప్పల్నే పంటడు మౌళీ," అన్నాడు. "నాకు ఇంకో ఫికర్ లేదు. మా బావ అండ్లనే పంటడు."

ట్రయల్ ముందురోజు ఇద్దరం నా బండిలో ఆ ఊరికి పోయాం. ముసురు పట్టి వదలడం లేదు. సోమక్క ఇంట్లో అడుగు పెట్టే సందు లేకుండా పెసర చెట్లు పోసి ఉన్నాయి. పచ్చి వాసన ముక్కు పగలగొడుతోంది. కాయల్లోనే మొలకలు వస్తున్నాయని ఆమె రెండు కాయలు చిదిపి చూపించింది.

"అక్కా, రేపు పొద్దుగాల రోడ్డు మీద పొయ్యకున్రి," అన్నాడు పాషా. "మా కారు వస్తది. డ్రైవర్ ఉండడు. కుప్పల మనిషి ఉన్నది దానికి తెల్వది."

"రేపు ఎండ వస్తదంటాన్రు తమ్మీ. రేపు పొయ్యకుంటె మట్టిల పోసినట్టే గదా."

"కారు పోయిందాక ఆగున్రి. పొయినంక మీ ఇష్టం."

మొగిలయ్య గోడకు ఆనుకుని బీడీ వెలిగిస్తూ నవ్వాడు. "డ్రైవర్ లేని బండా? మరి కల్లు తాగి నడిపిండని ఎవన్ని తిట్టాలె? ఏంది బామ్మర్దీ, నిద్ర చెడగొట్టేటందుకు నువ్వొక్కనివి సాలవా?"

"మస్కిరి కాదు బావా. నీ కాళ్లు మొక్కుత."

పాషా నిజంగానే వంగాడు. మొగిలయ్య బీడీ పారేసి ఆయన్ని లేపాడు. సోమక్కే చివరికి తేల్చింది.

"నువ్వు గింత చెప్పినంక మేం పోస్తమా? కారు పోనీ. అది పోయినంకనే పోస్తం. ఊర్ల అందరికి నేను చెప్త."

చెప్పింది కూడా. మాట మీద నిలబడే మనిషి. మర్నాడు ఎండ ఫెళ్లున కాసింది. అయినా ఆ ఊరి ముందు రోడ్డు అద్దంలా ఖాళీగా ఉంది. ఒడ్డున కుప్పలు పోసుకుని జనం కూర్చున్నారు. తెల్ల కారు చప్పుడు లేకుండా వాళ్ల ముందు నుంచి పోయింది. పక్క సీట్లోంచి పాషా చెయ్యి ఊపాడు, వాళ్లూ ఊపారు. అక్కడి నుంచి నేను చెప్పేదంతా పాషా చెప్పిందే. నేను అడ్డాలో ఉన్నాను. ఇప్పుడు ఆయన్ని అడిగినా అడగకపోయినా ఇదే చెప్తాడు, ఇంకేమీ చెప్పడు.

పాలకుర్తిలో గుట్ట కింద టెంటు వేశారు. అధికారులు దండలు వేసుకున్నారు. ఒక్క తప్పు కూడా జరగలేదని కంపెనీ మేనేజరు పద్మలత మైకులో చెప్పింది. మన పల్లె రోడ్లు ఈ బండికి పూర్తిగా వచ్చేశాయని, వచ్చే నెల నుంచే కార్లు రోడ్డెక్కుతాయని ప్రకటించింది. చప్పట్లు మోగాయి. పాషాకు అప్పుడు తట్టిందట, తాను రోడ్డు ఖాళీ చేయించి చేసిందేమిటో. పరీక్షకు వచ్చిన ఒకే ఒక్క కష్టమైన ప్రశ్నను ముందే తుడిచేశాడు. ఊరు ఆయన మాట విన్నందుకే బండి పాసయింది.

అదొకటి. రెండోది ఇంకా ఘోరం. తిరుగు ప్రయాణం జనగామ మీదుగా హైవే మీద అనుకున్నారు. పద్మలత మనసు మార్చుకుంది. వచ్చిన దారినే పోదాం, ఊళ్లు బాగున్నాయి, వీడియో బాగా వచ్చింది, ఇంకొకటి తీసుకుందాం అంది.

"మేడం, ఒద్దు. కారు పొయిందని జనం రోడ్డు మీద పెసర పోసి ఉంటరు," అన్నాడు పాషా.

"ఇంకా మంచిది కదా. మన కారు అది కూడా చేయగలదని చూపిద్దాం."

"మనిషి ఉంటడు మేడం అండ్ల!"

సాయితేజ మధ్యలోకి వచ్చాడు. వెనక సీట్లో ఎర్ర బటన్ ఉంది, అది నొక్కితే కారు ఉన్నచోటే ఆగుతుంది. వేలు దాని మీదే పెట్టుకుని కూర్చుంటానని పాషాకు మాటిచ్చాడు. పాషా ఫోన్ తీసి సోమక్కకు కొట్టాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ కొట్టాడు. పెసర పనిలో ఉన్న మనిషి చేతిలో ఫోన్ ఎందుకుంటుంది? మొగిలయ్యకు ఫోన్ లేదు. ఆ ఊళ్లో ఇంకెవరి నంబరూ ఆయన దగ్గర లేదు.

బస్సెక్కి రావచ్చు. ఎక్కను అనొచ్చు. ఎక్కాడు. తాను లోపలుంటే ఏదో ఒకటి చేయవచ్చని ఎక్కాడు. ఆ ఒక్క ఆలోచన గురించి ఆయన ఇప్పుడు పడే బాధ నా పగవాడికి కూడా వద్దు.

బెల్టు పెట్టుకోకపోతే కారు కదలదు. జీవితంలో బెల్టు పెట్టుకోని పాషా పెట్టుకున్నాడు. వెనక సాయితేజ, పద్మలత. కారు పల్లెలు దాటుతోంది. పాషా చూపు తారు మీంచి కదలలేదు. మలుపు తిరగగానే కనిపించింది. పొద్దున ఆయన మాట కోసం ఆగిన ఊరంతా ఇప్పుడు ఒక్కసారిగా రోడ్డెక్కింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా పెసర. అన్నింటికంటే ముందున్నది సోమక్కది.

సోమక్క ఒడ్డున నిలబడి ఉంది. తెల్ల కారును గుర్తుపట్టింది. అద్దంలోంచి ముందు సీట్లో పాషా ముఖం చూసింది. ముఖమంతా నవ్వుతో తువ్వాల ఎత్తి ఊపింది.

కారు స్లో అయింది.

"సాయీ, ఆపు!"

"సూస్తున్న అంకుల్. ఎవ్వరు లేరు. స్క్రీన్ క్లియర్ ఉన్నది."

"హారన్ అన్న కొట్టు! హారన్ కొట్టు!"

"హారన్ ఎందుకు అంకుల్, ఎవ్వరు లేరు గదా..."

పాషా ఒక్కసారిగా స్టీరింగ్ మీదికి ఉరికాడు. ఉరికిన ఊపుకు బెల్టు బిగుసుకుని సీటుకు కట్టేసింది. చేతులు రెండూ చాపాడు. వేళ్లకూ స్టీరింగ్‌కూ మధ్య బెత్తెడు ఎడం. ఎడమ చక్రాలు ముందుగా ఎక్కాయి. కాయలు పటపట పగిలాయి. మెత్తగా పోతున్న కారు ఒకచోట మెత్తగానే లేచి దిగింది. ముప్ఫై ఏళ్లు బండి నడిపినవాడికి చక్రం కింద ఏది ఏమిటో చెప్పనక్కర్లేదు. పాషా గొంతులోంచి వచ్చింది అరుపో ఏడుపో తనకే తెలియలేదట. పద్మలత "ఏమైంది?" అంటోంది. కారు కుప్ప దాటి ఆగింది. ఆగి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి రావడం మొదలుపెట్టింది.

అప్పుడు నొక్కాడు సాయితేజ ఆ బటన్. పిడికిలితో గుద్దాడు. వెనక చక్రాలు కుప్ప అంచు మీద ఆగాయి.

తలుపు తీసుకుని పాషా బయటపడ్డాడు. తారు మీద కూలబడ్డాడు. సోమక్కకు ఇంకా ఏమీ తెలియదు, మొగుడు కుప్ప అంచున చక్రాలు తొక్కని చోటే పడుకున్నాడని ఆమె లెక్క. ఇంత బాగా తొక్కించి పెట్టినందుకు తమ్ముడి వైపు నవ్వుతూ కుప్పలోకి వచ్చింది. వంగి పైచెట్లు చేతులతో తీస్తూ, "ఓ, ఇగ లే. బండి పోయింది, లే," అని మొగుణ్ణి పిలిచింది. ఇంకొన్ని చెట్లు తీసింది. చేతులు ఆగిపోయాయి.

ఆమె ఏడవలేదట. చేలల్లోంచి జనం పరిగెత్తుకు వస్తున్నారు. తర్వాత తల తిప్పి, తారు మీద కూలబడ్డ పాషా వైపు చూసింది. కోపంగా కూడా కాదు. ఏదో లెక్క తప్పిన మనిషి అడిగినట్టు అడిగింది.

"ముంగట నువ్వు కూసున్నవని సూసి నేను లేపలే తమ్మీ."